పాత బొమ్మ కార్లలో హెచ్‌ఓ (1:87 స్కేలు) బొమ్మ రైలు లేఅవుట్‌కి సరిపోయేవి ఎట్టా తేల్చాలి? (కొలతలు ఇచ్చాను)

కావలి_లూప్‌లైన్:
అందరికీ నమస్కారం. బిట్రగుంట ఆవిరి ఇంజన్ల కాలం తరహాలో హెచ్‌ఓ లేఅవుట్ కడుతున్నా. స్టేషన్ ముందు రోడ్డు, ఒక లెవెల్ క్రాసింగ్ వస్తాయి. వాటి మీద పెట్టడానికి ఐదు పాత బొమ్మ బండ్లు ఉన్నాయి. దేని అడుగునా స్కేలు లేదు. డిజిటల్ కాలిపర్‌తో కొలిచినవి, అన్నీ మి.మీ.లో (వీల్‌బేస్ అంటే ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం):

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, లోహం: పొడవు 63, వీల్‌బేస్ 37
బీటిల్, ప్లాస్టిక్, అద్దాలు లేకుండా గట్టి ముద్ద: పొడవు 45, వీల్‌బేస్ 26.7
మినీ, లోహం: పొడవు 71, వీల్‌బేస్ 46
లండన్ డబుల్ డెక్కర్, రూట్‌మాస్టర్: పొడవు 67
అంబాసిడర్, వెనక్కి లాగి వదిలే ప్లాస్టిక్ బొమ్మ: పొడవు 118, వీల్‌బేస్ 64, వెడల్పు 52

నా ట్రాక్‌లో పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఓఓ (బ్రిటిష్ వాళ్ల 1:76 రైలు స్కేలు) వాళ్లదీ అదే ట్రాక్ గదా, మరి ఓఓ కార్లు కూడా పనికొస్తాయా?

పెన్నా_వంతెన:
తమ్ముడూ, కొలతలు ముందే ఇచ్చావు, సగం పని అయిపోయింది. లెక్క ఒక్కటే: అసలు బండి కొలతని బొమ్మ కొలతతో భాగించు. వచ్చిన సంఖ్యే స్కేలు.

పొడవు కంటే వీల్‌బేస్‌ని నమ్ము. బంపర్లు మోడల్ ఏడాదిని బట్టి మారతాయి, పాత బొమ్మల్లో వంగో విరిగో ఉంటాయి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఉన్న దూరం మాత్రం ఒక మోడల్ బతికినన్నాళ్లూ దాదాపు మారదు. కంపెనీ బ్రోచర్లలోనూ అది తప్పకుండా ఉంటుంది.

బీటిల్ వీల్‌బేస్ 2400. నీ లోహపు బీటిల్ 2400 ÷ 37 = 64.9. పొడవు 4070 ÷ 63 = 64.6. రెండూ కలిశాయి, కాబట్టి అది 1:64. రైలు భాషలో ఎస్ స్కేలు. హెచ్‌ఓకి పెద్దది.

ప్లాస్టిక్ బీటిల్ 2400 ÷ 26.7 = 89.9, పొడవు ప్రకారం 90.4. అంటే 1:90. హెచ్‌ఓ 1:87 గదా, తేడా మూడు శాతం. కంటికి ఆనదు, హాయిగా వాడుకో.

మినీ వీల్‌బేస్ 2036, పొడవు 3054. ఒకటి 44.3, ఇంకోటి 43.0 ఇస్తున్నాయి. 1:43 తరగతి, ‘ఓ’ (O) అనే పెద్ద రైలు స్కేలు వాడే మనిషికి ఇచ్చేయి.

ఓఓ సంగతి: ట్రాక్ ఒకటే అయినా స్కేలు వేరు. 1930ల్లో ఇంగ్లండులో ఇంజన్లు చిన్నవి, 1:87 బాడీలో అప్పటి మోటారు పట్టలేదు. అందుకని ట్రాక్ 16.5 అలాగే ఉంచి బాడీని 1:76.2కి పెంచారు. నీ ట్రాక్ నీ కారు స్కేలు చెప్పదు, నీ రైలు పెట్టెల స్కేలు చెబుతుంది.

ఒంగోలు_కాలిపర్:
అన్న చెప్పిన లెక్క సరే. కొలిచే పద్ధతిలోనే ఎక్కువమంది తప్పుతారు, దాని గురించి నాలుగు మాటలు.

ఇరుసు మధ్యభాగం కంటితో చూసి పట్టుకోవడం కుదరదు. ముందు, వెనక చక్రాలు ఒకే సైజులో ఉంటే, ముందు చక్రం ముందంచు నుంచి వెనక చక్రం ముందంచుకి కొలవండి. అదే వీల్‌బేస్. చక్రాల సైజు వేరైతే ముందంచు నుంచి ముందంచుకి ఒకసారి, వెనకంచు నుంచి వెనకంచుకి ఒకసారి కొలిచి సగటు తియ్యండి, సైజు తేడా దానంతట అదే కొట్టుకుపోతుంది.

పాత లోహపు బండ్లలో ఇరుసు గాడి వదులుగా ఉంటుంది, అర మి.మీ. ఇటూ అటూ ఆడుతుంది. బండిని గాజు పలక మీద పెట్టి ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి నెట్టి, రెండు పక్కలా కొలవాలి. 28 మి.మీ. వీల్‌బేస్ మీద అర మి.మీ. తప్పు పడితే 1:87 కాస్తా 1:85.5 అవుతుంది. దాంతో ప్రమాదం లేదు. హెచ్‌ఓకి, ఓఓకి మధ్య తేడా 14 శాతం పైనే, స్కూలు స్కేలుతో కొలిచినా ఆ రెండూ కలిసిపోవు. 1:72కి, 1:76కి మధ్య తేల్చాలంటేనే కాలిపర్ కావాలి.

మన రోడ్లకి పనికొచ్చే అసలు వీల్‌బేస్‌లు, మి.మీ.లో: అంబాసిడర్ 2464, ఫియట్ 1100 (ఆ తర్వాత పద్మిని) 2340, స్టాండర్డ్ హెరాల్డ్ 2324, మోరిస్ మైనర్ 2184, మారుతి 800 2175, విల్లీస్ జీపు 2032.

అంబాసిడర్ ఏ స్కేలులో ఎంత రావాలో గుర్తుంచుకుంటే చాలు, మిగతావి దాన్ని పట్టి చెప్పొచ్చు. వీల్‌బేస్ 1:87లో 28.3, 1:76లో 32.4, 1:64లో 38.5, 1:43లో 57.3.

చక్రం వ్యాసం పట్టుకుని స్కేలు లెక్కపెట్టవద్దు. బొమ్మల కంపెనీలు ఒకే చక్రాన్ని పది రకాల బండ్లకి తగిలించేవి.

గూడూరు_జంక్షన్:
అడుగున స్కేలు లేకపోయినా పేరు ఉంటే అది చెప్పే సంగతి చాలా ఉంది. మురికి పట్టి ఉంటే సబ్బునీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి చదవండి. పోయిన అక్షరాలు నీడలో తేలతాయి.

లెస్నీ, మేడిన్ ఇంగ్లండ్ అని ఉంటే అది మ్యాచ్‌బాక్స్. 1953లో మొదలైన వరుస. అన్ని బండ్లూ ఒకే అగ్గిపెట్టె సైజు డబ్బాలో పట్టాలి, అందుకని స్కేలు బండి బండికీ మారింది. చిన్న కారు పెద్ద స్కేలులో, బస్సు చిన్న స్కేలులో వచ్చాయి. మీ రూట్‌మాస్టర్ చూడండి: అసలు పొడవు 8382, 67తో భాగిస్తే 125. అది టీటీ అనే రైలు స్కేలుకి (1:120) దగ్గర. అదే డబ్బాలో పట్టే మోరిస్ మైనర్ (అసలు పొడవు 3760) 51 మి.మీ. ఉంటే 1:74, అంటే దాదాపు ఓఓ. ఒకే కంపెనీ అన్నంత మాత్రాన ఒకే స్కేలు అనుకోకూడదు.

డింకీ 1930ల్లో హార్న్‌బీ ఓ గేజ్ రైళ్ల పక్కన పెట్టడానికే పుట్టింది. మామూలు డింకీ కార్లు 1:48 నుంచి 1:43 మధ్య ఆడతాయి. 1956లో వచ్చిన కోర్గీ కూడా ఆ చుట్టుపక్కలే. డబ్లో డింకీ అని 1957 నుంచి కొన్ని మాత్రం 1:76లో వచ్చాయి. కలకత్తాలో డింకీ అచ్చులతో పోసిన నిక్కీ బొమ్మలు మన పాత ఇళ్లలో దొరుకుతాయి, వాటికి డింకీ కొలతలే వర్తిస్తాయి.

హాట్‌వీల్స్ 1968 నుంచి. పేరుకి 1:64, నిజానికి ప్యాకెట్టుకి సరిపడా సైజు. అడుగున ఉన్న ఏడాది ఆ అచ్చుది, బండి తయారైన ఏడాది కాదు. టొమికా, మాజొరెట్ అడుగున 1/60 లాగా స్కేలు రాస్తాయి, చాలావరకు నమ్మొచ్చు. లెడో వాళ్ల డేస్ గాన్ వరుస మళ్లీ డబ్బా సైజు బాపతే, ప్రతిదీ కొలవాలి.

మీ ముద్ద ప్లాస్టిక్ బీటిల్ అడుగున వైకింగ్ అని గానీ డబ్ల్యూఎం అని గానీ ఉందేమో చూడండి. ఆ జర్మన్ కంపెనీ చాలా ఏళ్లు 1:90 చుట్టూ చేసి, తర్వాతే 1:87కి వచ్చింది. అద్దాల చోట గట్టి ప్లాస్టిక్ ఉంటే తొలి రోజుల అచ్చు. వైకింగే అయితే రంగు వెయ్యవద్దు, థిన్నర్ తగిలించవద్దు. సేకరించేవాళ్లకి అది ఉన్నది ఉన్నట్టుగానే కావాలి.

కావలి_లూప్‌లైన్:
డబ్ల్యూఎం గుర్తు ఉంది సార్! రంగు జోలికి పోను. అంబాసిడర్ లెక్క మాత్రం కుదరడం లేదు. పొడవు 4325 ÷ 118 = 36.7, వీల్‌బేస్ 38.5, వెడల్పు 1662 ÷ 52 = 32. ఎక్కడ తప్పు చేశాను?

సింగరాయకొండ_గేటు:
తప్పు మీది కాదండీ, బొమ్మదే. లోపల స్ప్రింగు మోటారు పట్టాలి, పిల్లల చేతిలో నిలబడాలి, అందుకని వెడల్పు పెంచుతారు, పొడవు కత్తిరిస్తారు. మూడు కొలతలు మూడు నాలుగు శాతం లోపల కలిస్తేనే దానికి స్కేలు ఉన్నట్టు. ఇక్కడ 32కీ 38కీ మధ్య ఊగుతోంది. ఏ స్కేలు లేఅవుట్ మీద పెట్టినా ఉబ్బినట్టు కనబడుతుంది.

లెక్కకి ముందు ఒక చూపు పరీక్ష చెబుతా. మనిషి బొమ్మని కారు పక్కన నిలబెట్టండి. 1 మీ. 70 సెం.మీ. మనిషి హెచ్‌ఓలో 19.5 మి.మీ. అంబాసిడర్ ఎత్తు 1593, అంటే హెచ్‌ఓలో 18.3. మనిషి తల పైకప్పు కంటే కాస్త పైన ఉండాలి. మీ 1:64 బీటిల్ పక్కన అదే మనిషిని పెడితే కప్పు అతని తల మీదికి నాలుగు మి.మీ. లేస్తుంది. దగ్గరకి వచ్చి చూసే ఎవరికైనా అది వెంటనే తెలిసిపోతుంది.

ఇంకోటి, రైలు పెట్టె వెడల్పు. ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె అసలు వెడల్పు 3245, అంబాసిడర్ 1662. కారు పెట్టెలో సగం ఉండాలి. హెచ్‌ఓలో పెట్టె 37.3, కారు 19.1. గేటు దగ్గర రెండూ పక్కపక్కనే కనబడే చోట ఈ నిష్పత్తే కథ చెబుతుంది.

అసలు బండి ఏదో తెలియని బొమ్మ దొరికితే: 1950లు, 60ల నాటి యూరప్ కారు వెడల్పు 1400 నుంచి 1700 మధ్య ఉంటుంది. 1550 అనుకుని బొమ్మ వెడల్పుతో భాగించండి. బొమ్మ వెడల్పు 18 మి.మీ. ఉంటే హెచ్‌ఓ, 20.5 ఉంటే ఓఓ, 24 ఉంటే 1:64 అని ఒక మోస్తరు అంచనా. అమెరికా కార్లకి ఇది పని చెయ్యదు, అవి 1900 పైనే.

పెన్నా_వంతెన:
ఓఓ కారు హెచ్‌ఓలో వాడొచ్చా అన్న ప్రశ్న మిగిలిపోయింది. నా లెక్కలో చిన్న కారు అయితే వాడొచ్చు, లేఅవుట్ ముందంచున. చూసేవాడికి దగ్గరగా ఉన్నది కొంచెం పెద్దగా ఉండటం సహజమే గదా. ఓఓ మోరిస్ మైనర్ హెచ్‌ఓ అంబాసిడర్ అంత పొడవు వస్తుంది, అంతే: 3760 ÷ 76 = 49.5, 4325 ÷ 87 = 49.7.

ఒంగోలు_కాలిపర్:
అన్నా, పొడవు వరకు ఒప్పుకుంటా. ఎత్తు, తలుపుల సైజు ఒప్పుకోవు. ఓఓ కారు తలుపు పక్కన హెచ్‌ఓ డ్రైవరు బడిపిల్లవాడిలా ఉంటాడు. ఓఓ అంబాసిడర్ వెడల్పు 21.9 వస్తుంది, 37.3 పెట్టె పక్కన సగం పోయి 59 శాతం అవుతుంది. బస్సు, లారీ అయితే అసలు వద్దు, 14 శాతం తేడా పెద్ద బండిలో ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఓఓ వాడేదయితే ఒక్కటే, దాని పక్కన మనిషి గానీ హెచ్‌ఓ కారు గానీ లేని చోట.

పెన్నా_వంతెన:
మనుషుల సంగతి నిజమే, ఒప్పుకుంటున్నా. గేటు దగ్గర వద్దు, ఒంటరిగా చెట్టు కింద ఆపు.

దొనకొండ_మీటర్‌గేజ్:
ట్రాక్‌ని చూసి కార్లు కొనే పొరపాటు మా వైపు ఇంకో రకంగా జరుగుతుంది. గుంటూరు–నంద్యాల పాత మీటర్ గేజ్ లైను కట్టేవాళ్లు 12 మి.మీ. ట్రాక్ వాడతారు. 1000 మి.మీ.ని 87తో భాగిస్తే 11.5 గదా, 12 సరిపోతుంది. అదే 12 మి.మీ. టీటీ స్కేలు ట్రాక్ కూడా. ట్రాక్ ప్యాకెట్ మీద టీటీ అని చూసి 1:120 కార్లు తెచ్చుకుంటే పెట్టెల పక్కన అవి బొమ్మలకి బొమ్మల్లా ఉంటాయి. మీటర్ గేజ్ పెట్టె 1:87 అయితే కారు కూడా 1:87 కావాలి.

బ్రాడ్ గేజ్‌లో వచ్చే చిక్కు దీనికి తిరగేసింది. 1676ని 87తో భాగిస్తే 19.3 రావాలి, మనం నడిపేది 16.5 మీద. పట్టాలు ఇరుకుగా ఉండటం వల్ల రోడ్డు మీద బండ్లు ఉన్నదానికంటే పెద్దగా అనిపిస్తాయి. అందుకే లెవెల్ క్రాసింగ్ మీద 1:87 కంటే ఒక్క అడుగు చిన్నదైనా ఫర్వాలేదు గానీ పెద్దది వద్దు. ఆ 1:90 బీటిల్ అక్కడికి బాగా కుదురుతుంది.

గూడూరు_జంక్షన్:
ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఒక మాట. ఓఓ/హెచ్‌ఓ అని రెండూ కలిపి రాసిన డబ్బాని నమ్మవద్దు, లోపల సాధారణంగా ఓఓ ఉంటుంది. పాత ఎయిర్‌ఫిక్స్, మ్యాచ్‌బాక్స్ సైనిక కిట్లు 1:76, మిగతా చాలా కంపెనీలవి 1:72. జీపు వీల్‌బేస్ అడగండి: 23.4 అంటే 1:87, 26.7 అంటే 1:76, 28.2 అంటే 1:72.

అమ్మేవాళ్లు ఫోటోలో స్కేలు పట్టీ పెట్టినా మోసపోవచ్చు. ఫోన్‌ని జానెడు దూరంలో పెట్టి తీస్తే దగ్గరున్న భాగం ఉబ్బుతుంది. పట్టీ చక్రాల వరుసలోనే ఉండాలి, బండి ముందు కాదు. కనీసం మీటరు దూరం నుంచి జూమ్ చేసి, సరిగ్గా పక్కనుంచి తీసిన ఫోటో అడగండి. దాన్లో వీల్‌బేస్‌కీ పొడవుకీ ఉన్న నిష్పత్తి చూసినా చాలు. అసలు అంబాసిడర్‌లో అది 0.57. బొమ్మలో 0.54 వస్తే (కావలి తమ్ముడి బొమ్మలో అంతే) అది స్కేలు మోడల్ కాదు.

కావలి_లూప్‌లైన్:
చాలా స్పష్టంగా ఉంది. ఇంకో లోహపు మోరిస్ మైనర్ దొరికింది, పొడవు 51. గూడూరు సార్ చెప్పిన లెక్కే, 1:74. చెట్టు కింద పెడతా. కానీ నేల మీద నుంచి బాగా లేచి ఉంది, చక్రాల మీద నిలబెట్టిన డబ్బాలా ఉంది. కిందకి దించొచ్చా?

ఒంగోలు_కాలిపర్:
దించొచ్చు. ముందు రెండు సంగతులు చూసుకోండి. డబ్బా ఉండి, రంగు బాగా ఉంటే విప్పవద్దు, ఆ బండిని మార్చేసి వేరే దెబ్బతిన్నది తెచ్చుకోండి. రెండోది, ఆ కాలం రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకవద్దు, తడి ఎమెరీ కాగితంతో, చేతికి గ్లౌజు వేసుకుని, వంట చేసే చోటుకి దూరంగా చెయ్యండి.

విప్పే వరుస ఇది. అడుగు పలకని పట్టుకున్న రివెట్ తల మీద సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి, లేకపోతే బిట్టు జారి పలక మీది అక్షరాలు గీస్తుంది. 3 మి.మీ. బిట్టుతో, చేతి డ్రిల్లు మీదైనా సరే, తల ఊడేదాకా మాత్రమే తొలవండి. తల కింద బాడీ నుంచి వచ్చే స్తంభం లోపలికి పోవద్దు. పలక వచ్చాక స్తంభం మధ్యలో 1.6 మి.మీ. బిట్టుతో 5 మి.మీ. లోతు రంధ్రం చేసి ఎం2 ట్యాప్ (స్క్రూకి మర కోసే పనిముట్టు) దించండి. ఒక చుక్క కిరసనాయిలు వేసి, సగం తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి. జింకు పొడి (బండి పోత జింకుదే) ఇరుక్కుంటే ట్యాప్ పుటుక్కున విరిగి లోపలే ఉండిపోతుంది. తిరిగి మూసేటప్పుడు ఎం2 స్క్రూ చాలు.

ఎత్తు తగ్గించడానికి ఇరుసు ఆనే గాడిని సన్నటి రౌండు ఫైలుతో పైకి అరగదీయాలి, ఒక మి.మీ. దాటవద్దు. నాలుగు వైపులా ఒకేలా పడిందో లేదో గాజు పలక మీద పెట్టి చూడండి, ఒక చక్రం గాలిలో ఉంటే మళ్లీ.

అద్దాలు అంటించడానికి ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్‌ని తెల్లగా మసకబారుస్తుంది. తెల్ల ఫెవికోల్ చుక్క పెడితే ఎండాక కనబడదు. పాత రంగు తియ్యడానికి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టడం కూడా వద్దు, జింకు లోహాన్నే తినేస్తుంది.

సింగరాయకొండ_గేటు:
లోహపు బండ్ల మీద సన్నటి పగుళ్లు, ఎక్కడో వాపు, అంచులు రాలడం కనబడితే అది జింకు తెగులు. మిశ్రమంలో సీసం లాంటి కల్తీ కలిసిన పాత పోతల్లో, ముఖ్యంగా యుద్ధానికి ముందువాటిలో వస్తుంది. దానికి మందు లేదు. తెగులు పట్టిన పోత పొడవు పెరుగుతుంది కూడా, కొలత తీసి స్కేలు తేల్చేటప్పుడు అది గుర్తుంచుకోవాలి. మన సముద్రపు తేమకి ఇంకా తొందరగా ముదురుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. మెత్తటి రబ్బరులాంటి టైర్లు ప్లాస్టిక్ బాడీకి తగిలేలా మాత్రం పేర్చవద్దు, నెలల్లో టైరు ముద్ర ప్లాస్టిక్‌లోకి కరిగి దిగుతుంది.

దొనకొండ_మీటర్‌గేజ్:
స్కేలు కుదిరినా కాలం కుదరాలి. ఆవిరి కాలం అంటున్నారు గదా. మోరిస్ మైనర్ మన దగ్గర బేబీ హిందుస్థాన్ పేరుతో తిరిగింది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మొదటి రకం హిందుస్థాన్ 14 అయింది. ఆ బ్రిటిష్ మోడళ్లు ఏ స్కేలులో దొరికినా మన కారే. అంబాసిడర్ 1950ల చివర నుంచి. లారీ కావాలంటే బ్రెకినా 1:87లో చేసిన మెర్సిడెస్ ఎల్ 311 చూడండి. టాటా 1954 నుంచి 1969 దాకా మెర్సిడెస్‌తో కలిసి చేసిన ముక్కు లారీలకి దగ్గరి చుట్టం. మారుతి 800 మాత్రం 1983 డిసెంబరులో వచ్చింది, ఆవిరి ఇంజన్ పక్కన ఆలోచించి పెట్టండి.

నంబరు ప్లేటు: ఆ రోజుల్లో సొంత కార్లకి నల్ల పలక మీద తెల్ల అక్షరాలు. ఏపీ 26 అని నెల్లూరు నంబరు రాసేస్తారు చాలామంది. ఆ వరుస 1988 మోటారు వాహనాల చట్టం తర్వాతది.

కావలి_లూప్‌లైన్:
అయితే గేటు దగ్గర 1:90 బీటిల్, చెట్టు కింద మైనర్, లారీ తెప్పిస్తా. రూట్‌మాస్టర్‌ని దూరంగా వెనక పెట్టొచ్చా, 1:125 గదా? రోడ్డు ఎంత వెడల్పు వెయ్యాలి?

పెన్నా_వంతెన:
వెనక వరుసకి సైజు సరిపోతుంది తమ్ముడూ, కానీ బిట్రగుంట ఊరి వెనక లండన్ డబుల్ డెక్కర్ నిలవదు. ఆ దూరానికి 1:120 లారీలు, కార్లు తెచ్చుకో. ముందు పెద్దవి, వెనక చిన్నవి, మధ్యలో ఎక్కడా క్రమం తిరగబడకూడదు. రెండింటి మధ్య ఒక గోడో, తుమ్మ చెట్ల వరుసో ఉంటే సైజు మారిన చోటు కంటికి పట్టదు.

రోడ్డు: ఒంటి వరుస తారు రోడ్డు అసలు 3.75 మీటర్లు, హెచ్‌ఓలో 43 మి.మీ. రెండు వరుసలది 7 మీటర్లు, 80 మి.మీ. ఊళ్లోకి పోయే గేటు రోడ్డు ఒంటి వరుసే వెయ్యి, రెండు పక్కలా 15 మి.మీ. ఎర్రమట్టి అంచు వదులు. జీటీ రోడ్డు కనబడే చోట మాత్రం 80 పెట్టు. గేటు మూసి ఉన్నప్పుడు ముందు బండి ముక్కు గేటు కడ్డీకి 20 మి.మీ. దూరంలో ఆపు. మరీ ఆనించి పెడితే కడ్డీ పైకి లేచేటప్పుడు బంపర్‌కి తగులుతుంది.